మేడ మీద నాటు టమాటా: కుండీ పెద్దది, కాలం చిన్నది

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మేడ మీద టమాటా లేని మిద్దెతోట అరుదు. అందులో ఎక్కువ సంకర రకాలే. మొక్క మూడడుగుల దగ్గర ఆగుతుంది, కాయలన్నీ ఒకేసారి దిగుతాయి, తోలు దళసరి, వారం రోజులు బుట్టలో ఉన్నా నలగదు. ఈసారి నాటు రకం వేద్దామనో, చుట్టాలెవరో పంపిన నల్ల టమాటా గింజలు మొలిపిద్దామనో చూస్తున్నవాళ్ల కోసం ఈ రాత. ముందే ఒక మాట. మొదటిసారి వేసేవాళ్ల నాటు మొక్కలు ఎరువు చాలక పోవడం తక్కువ. కుండీ చిన్నదైపోయి, లేదా కాలం తప్పిపోయి పోతాయి. ఆ రెండూ సరిగ్గా కుదిరితే మిగతావన్నీ సర్దుకునే తప్పులే.

నాటు అన్న మాటని ఇక్కడ రెండు రకాలకి వాడుతున్నాం. సంతలో అప్పుడప్పుడు కనిపించే, గాడులు గాడులుగా ముడతపడ్డ పుల్లటి చిన్న కాయ ఒకటి. చారుకైనా, నిప్పుల మీద కాల్చి చేసే పచ్చడికైనా దానికి సాటి లేదు. రెండోది విదేశాల్లో తరాలుగా నిలబెట్టుకొచ్చిన పాత రకాలు: బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్, బ్లాక్ క్రిమ్ లాంటివి. రెండింటికీ ఉమ్మడి గుణం ఒక్కటే. కాయలోంచి గింజ తీసి వేస్తే మళ్లీ అదే కాయ వస్తుంది. నిజానికి టమాటా పుట్టుకే అమెరికా ఖండంలో. ఒడియావాళ్లు దాన్ని ‘బిలాతి బైగణ’ అంటారు, అంటే సీమ వంకాయ. మన పెద్దవాళ్లు రామములగ అనేవారు. కాబట్టి ఈ నేల మీదే పుట్టిన టమాటా అంటూ ఏదీ లేదు. ఇక్కడి ఎండకీ వానకీ తట్టుకుని, ఇంటి విత్తనంగా నిలిచినదే మనకి నాటు.

మధ్యలో ఇంకో తరగతి ఉంది, దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్కల్ కుమారి, ఉత్కల్ పల్లవి, ఉత్కల్ దీప్తి. ఢిల్లీ నుంచి వచ్చిన పూసా రూబీ. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఎంపిక చేసిన అర్కా వికాస్. ఇవి సంకరాలు కావు, విత్తనం కట్టుకోవచ్చు. పైగా ఉత్కల్ రకాలకి బాక్టీరియా ఎండు తెగులుని తట్టుకునే బలం ఉంది. ఒడిశా ఎర్రనేలల్లో అది చాలా పెద్ద మాట. మొదటి ఏడాది నాలుగు కుండీలు పెడుతున్నారనుకోండి: రెండింట్లో ఈ రకాల్లోంచి, ఒకదాంట్లో ద్రాక్షపండంత చెర్రీ రకం, ఒక్కదాంట్లోనే మీకు మనసైన విదేశీ పాత రకం వేయండి. నాలుగింట్లోనూ బ్రాండీవైన్ వేస్తే, అది నాటాక 80 నుంచి 100 రోజులకి గానీ పండదు, కాయలూ తక్కువే. మన చలికాలం అంత పొడుగు లేదు.

దసరాకి నారు, కార్తీకంలో నాటు

టమాటా పూత నిలవడం పగటి ఎండ కంటే రాత్రి వేడి మీద ఎక్కువ ఆధారపడుతుంది. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పుప్పొడి బాగుంటుంది. రాత్రి 22, 23 దాటి, పగలు 33, 34కి చేరితే పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు కాడ దగ్గర పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. గోపాల్‌పూర్, బరంపురం తీరంలో రాత్రులు ఈ హద్దులోకి వచ్చేది సుమారుగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే. మార్చి నడిచేసరికి రాత్రి కూడా ఉక్క మొదలవుతుంది. అంటే ఆ మూడు నెలల్లో పూసి పిందె కట్టిందే మనకి దక్కుతుంది. ఏప్రిల్‌లో మొక్క ఎంత పచ్చగా ఉన్నా, ఎన్ని పువ్వులు పూసినా లాభం లేదు. పెద్ద కాయల రకాలు ముందు మానేస్తాయి, చెర్రీ రకాలు ఇంకో మూడు నాలుగు వారాలు లాక్కొస్తాయి.

వెనక్కి లెక్క కట్టండి. నారుకి 25 నుంచి 30 రోజులు. నాటిన దగ్గర్నుంచి మొదటి పూతకి దాదాపు నెల. అందుకే దసరా పందిళ్లు వేసే రోజుల్లో, సెప్టెంబరు చివర్న గానీ అక్టోబరు మొదట్లో గానీ గింజలు పడాలి. కార్తీకంలో కుండీలోకి మారాలి. సంక్రాంతికి కొమ్మన పచ్చికాయ ఉండాలి, శివరాత్రికి పండు కోయాలి, ఉగాదికి మొక్క తీసేయాలి.

ఇంకా ముందే నాటేస్తే మంచిది కదా అనిపిస్తుంది. ఇక్కడ తుపాన్ల లెక్క చూడాలి. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్ని ఊడ్చేసింది 2018 అక్టోబరు 11న. మూడూ ఒకే వారం. ఆ వారంలో నారు ట్రేలో ఉంటే చేత్తో ఎత్తి ఇంట్లో పెట్టుకోవచ్చు. కుండీలో రెండడుగుల మొక్క వెదురుకి కట్టి ఉంటే చేయగలిగింది తక్కువ. అక్టోబరు 20 లోపల పెద్ద కుండీలోకి మార్చకండి. నవంబరులో కూడా వాయుగుండాలు వస్తాయి కాబట్టి కుండీల్ని పిట్టగోడ చాటున పెట్టుకునే ఏర్పాటు ముందే ఉండాలి.

కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి వైపు ఉన్నవాళ్లకి ఈ లెక్క చెల్లదు. అక్కడి పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. ఆ చలికీ పిందె కట్టదు. కట్టినా కాయ అడుగున మచ్చలు, ముడతలు పడి వంకర తిరుగుతుంది. వాళ్లు జనవరి మొదట్లో నారు పోసి ఫిబ్రవరిలో నాటుకుంటే వేసవి మొదట్లో మంచి కాపు చూస్తారు. గుణుపురం అలా కాదు, వంశధార లోయలో పల్లపు ఊరు. తీరం లెక్కే దానికీ పనికొస్తుంది.

కుండీ

పాత రకాల్లో ఎక్కువ తీగజాతి. చివర పూగుత్తితో ఆగదు, బతికున్నంత కాలం పైకి పాకుతూనే ఉంటుంది. ఆరేడు అడుగులు సునాయాసంగా వెళ్తుంది. పైన ఎంత ఉంటే కింద అంత వేరు కావాలి. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గ్రో బ్యాగులో పట్టే మట్టి దాదాపు 22 లీటర్లు. ఇది పూసా రూబీ, ఉత్కల్ రకాలకి సరిపోతుంది. తీగ రకానికి 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉండాలి, అంటే సుమారు 43 లీటర్లు. ఒక కుండీకి ఒకే మొక్క. జాగా ఉంది కదా అని రెండోది పెడితే రెండూ సగం సగం కాస్తాయి, తెగులు మాత్రం పూర్తిగా పంచుకుంటాయి.

20 లీటర్ల రంగు డబ్బా చవక, మన్నిక ఎక్కువ. అందులో కురచగా ఆగిపోయే పొద రకం వేసుకోండి. నలుపు రంగు కుండీ ఫిబ్రవరి ఎండకే వేడెక్కి గోడ పక్కనున్న వేళ్లని ఉడికిస్తుంది. తెలుపు, లేత రంగువి తీసుకోండి. నలుపే ఉంటే చుట్టూ గోనెపట్టా చుట్టండి. మట్టి కుండీ వేరుకి హాయి గానీ, పక్కల నుంచి నీరు ఆరిపోతుంది కాబట్టి ఫిబ్రవరి నుంచి రెండుపూటలా నీళ్లు పోయాల్సిందే.

అడుగున 10 మిల్లీమీటర్ల కంతలు ఆరు నుంచి ఎనిమిది, వాటితో పాటు పక్క గోడకి అంగుళం ఎత్తులో రెండు. అడుగున గులకరాళ్లు, పెంకులు పరిచే అలవాటు మానేయండి. సన్నని మట్టిలోంచి నీరు ఒక్కసారిగా పెద్ద ఖాళీల్లోకి జారదు. రాళ్ల పొర పైనే ఆగి నిలుస్తుంది. ఆ రాళ్ల వల్ల నీరు పోవడం మాట అటుంచి, వేరుకి దక్కే లోతు తగ్గి తడి ఇంకా పైకి వస్తుంది. కంతల మీద ఒక దోమతెర ముక్క వేస్తే చాలు. కుండీని నేలకి ఆనించకుండా రెండు ఇటుకల మీద నిలబెట్టండి. తడిసిన 43 లీటర్ల సంచి 40 కిలోలు దాటుతుంది. పాత మేడలైతే నడిమధ్యన గుంపుగా పెట్టకుండా, కింద గోడ గానీ దూలం గానీ ఉన్న వరసలో సర్దుకోండి.

మట్టి, దాంట్లో దాగిన శత్రువు

పొలం నుంచి తట్టెడు ఎర్రమట్టి తెచ్చి కుండీ నింపడం సులువు. ఈ ప్రాంతంలో నాటు టమాటా చావడానికి అదే మొదటి కారణం. బాక్టీరియా ఎండు తెగులు మట్టిలోనే ఉంటుంది. ఆమ్లగుణం ఉన్న, వెచ్చని, తడి నేలలంటే దానికి ఇష్టం. గంజాం, గజపతి ఎర్రనేలలు చాలాచోట్ల అచ్చం అలాంటివే. వంగ, మిరప, బంగాళాదుంప, టమాటా ఏది పండిన నేలైనా అనుమానించాల్సిందే. విదేశీ పాత రకాలకి దీన్ని తట్టుకునే శక్తి దాదాపు శూన్యం. నేలలో కాకుండా కుండీలో పెంచమని చెప్పడానికి అసలు కారణం స్థలం చాలకపోవడం కాదు, ఇదే.

దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఆకు పచ్చగా ఉండగానే మధ్యాహ్నం మొక్క మొత్తం వాడుతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. రెండు మూడు రోజుల్లో ఇక తేరుకోదు. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. ఆ పని చేయకుండా మొదలు దగ్గర కాండం ముక్క రెండంగుళాలు కోసి, గాజుగ్లాసులో తేటనీళ్లు పోసి, ముక్క కింది కొస నీళ్లలో మునిగేలా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో కోత దగ్గర్నుంచి పాలదారం లాంటిది కిందికి జారితే అది బాక్టీరియానే. మందు లేదు. మొక్కని మట్టితో సహా తీసేసి, కుండీని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టాలి. ఆ కత్తితోనే పక్క మొక్క కొమ్మ తుంచితే రోగం దానికీ అంటుకుంటుంది.

అందుకే మట్టి ఎన్నిక వేసవిలోనే మొదలవ్వాలి. కూరగాయలు పండని చోటి నుంచి, వీలైతే గట్టు మీది నుంచి గానీ వరి మడి నుంచి గానీ తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ మట్టిని తడిపి, మేడ మీద జానెడు మందాన పరిచి, పైన పల్చని పారదర్శక పాలిథీన్ కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల కవరు వద్దు, పారదర్శకంగా ఉన్నదే లోపలి మట్టిని ఎక్కువ వేడెక్కిస్తుంది. తడి తప్పనిసరి, పొడి మట్టిలో వేడి లోపలికి పోదు. దీంతో శత్రువు పూర్తిగా చావకపోయినా బాగా తగ్గుతుంది.

మట్టి పరీక్ష జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో చేయించుకుంటే మంచిది. ఉదజని సూచిక (పీహెచ్) 6 కంటే తక్కువ వస్తే, ఒక సంచికి సరిపడే 12 లీటర్ల మట్టికి డోలమైట్ గానీ వ్యవసాయ సున్నం గానీ 30 గ్రాములు కలపండి. తీరం వెంబడి దొరికే గుల్ల సున్నం ఘాటైనది, సగం చాలు. సున్నం వేసిన రోజే పేడ ఎరువు కలపకండి. నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, ఘాటు వాసన వస్తుంది. సున్నం ముందు, రెండు వారాలాగి ఎరువు.

43 లీటర్ల సంచికి కొలత ఇది. ఎండకి తేరిన ఎర్రమట్టి 12 లీటర్లు, కడిగిన కొబ్బరిపొట్టు 12 లీటర్లు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 10 లీటర్లు, ఊక బొగ్గు 6 లీటర్లు. వీటికి వేపపిండి 150 గ్రాములు, ఎముకల పొడి 100 గ్రాములు, ట్రైకోడెర్మా (తెగుళ్లని అణిచే మేలుచేసే బూజు పొడి) 20 గ్రాములు. నింపాక పైన రెండంగుళాలు ఖాళీ ఉండాలి, గడ్డి కప్పడానికీ నీళ్లు నిలవడానికీ అది కావాలి. ఊక బొగ్గు మన వైపు రైస్ మిల్లుల దగ్గర దొరుకుతుంది. నల్లగా, గింజ ఆకారం నిలిచి ఉన్నదే తెచ్చుకోండి. తెల్లబూడిద అయిపోయింది వేస్తే మట్టి క్షారం వైపు మళ్లుతుంది. కొబ్బరిపొట్టు ఐదు కిలోల దిమ్మ నానితే 60, 70 లీటర్లు అవుతుంది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండుసార్లు నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోయండి. ఈ ఒక్క పని బద్ధకిస్తే మొక్క మొదటి నెలంతా ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోతుంది. అన్నీ కలిపి, కొంచెం తడి చేసి, గోనె కప్పి పదిహేను రోజులు నీడలో ఉంచాలి. వేపపిండి కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడిలో నారు నాటకూడదు.

నారు

ఎక్కడి గింజైనా, ముఖ్యంగా చేతులు మారి వచ్చిన గింజైతే, 50 డిగ్రీల వేడినీళ్లలో 25 నిమిషాలు ఉంచి చల్లార్చి ఆరబెట్టండి. గింజని పట్టుకుని వచ్చే బాక్టీరియా తెగుళ్లు తగ్గుతాయి. దీనికి థర్మామీటరు కావాలి. అందాజాగా చేసి 55 దాటిస్తే మొలకే రాదు. గింజలు పదే ఉంటే సగమే ఇలా చేసి, సగం అలాగే ఉంచుకోండి.

98 గుంతల ప్రోట్రేలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమానంగా నింపి, గుంతకో గింజ, అర సెంటీమీటరు లోతు. ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలుస్తాయి. మొలిచిన రోజు నుంచే మంచి వెలుతురు కావాలి. గదిలో కిటికీ పక్కన ఉంచితే నారు దారంలా సాగి పడిపోతుంది. అక్టోబరు వానల్లో నారుకుళ్లు భయం కూడా ఎక్కువే. మొలక మొదలు నీళ్లబారి, సన్నబడి, వరసలు వరసలుగా ఒరుగుతుంది. పై నుంచి నీళ్లు చల్లడం మానేసి, ట్రేని పళ్లెంలో పెట్టి కింది నుంచి పీల్చుకోనివ్వండి. అది చాలావరకు ఆపుతుంది.

నారు మీద సన్నని తెర, 40 లేదా 50 మెష్‌ది (అంగుళానికి అన్ని కంతలున్నది), మొదటి రోజు నుంచీ ఉండాలి. ఇది తెల్లదోమ కోసం. ఆకుముడత వైరస్‌ని మోసుకొచ్చేది అదే. నారుదశలో ఒక్కసారి కుడితే రెండు మూడు వారాల తర్వాత, మీరు కుండీలోకి మార్చి మురిసిపోతున్న వేళ, చివరి ఆకులు దోనెల్లా పైకి ముడుచుకుని, అంచులు పసుపు తిరిగి, మొక్క గిడసబారుతుంది. అలా అయిన మొక్క మళ్లీ బాగుపడదు. పూతకి ముందే ముడత కనిపిస్తే జాలి పడకుండా పీకేసి, మిగులు నారులోంచి ఇంకొకటి నాటండి. అందుకే నాలుగు మొక్కలు కావాలంటే పది నారు పెంచుకోవాలి.

నాలుగైదు నిజమైన ఆకులు వచ్చాక, వారం రోజులు కొంచెం కొంచెంగా ఎండకి అలవాటు చేసి, సాయంత్రం పూట నాటండి. కింది రెండు ఆకులు తుంచి, కాండాన్ని పై ఆకుల దగ్గర వరకు లోతుగా పాతాలి. మట్టిలో ఉన్న కాండం పొడుగునా కొత్త వేళ్లు పుడతాయి. వంగకీ మిరపకీ ఇంత లోతు అక్కర్లేదు, టమాటాకి మాత్రం ఇదే బలం.

కర్ర, కత్తిరింపు, పూత

నాటిన రోజే కర్ర పాతండి. నెల తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి. కొండల నుంచి సంతకొచ్చే వెదురు బొంగులు ఏడడుగులవి మూడు, పైన కొసలు కలిపి కడితే గాలికి నిలుస్తాయి. ఒంటి కర్ర గ్రో బ్యాగులో నిలవదు, సంచితో సహా ఒరిగిపోతుంది. కాండాన్ని చీర అంచు పీలికలతో ఎనిమిది ఆకారంలో వదులుగా కట్టండి.

ఆకుకీ కాండానికీ మధ్య చంకలో పుట్టే పిలకల్ని తీగ రకాల్లో వేలెడు పొడుగు కాకముందే తుంచాలి. మొదటి పూగుత్తికి సరిగ్గా కింద వచ్చే పిలక ఒక్కటి ఉంచి, రెండు కాండాలుగా పెంచడం మన ఎండకి బాగుంటుంది. ఒకే కాండంగా పెంచితే ఆకు పల్చనై, ఫిబ్రవరి ఎండ నేరుగా కాయ మీద పడి తెల్లగా బొబ్బలెక్కుతుంది. పొద రకాల పిలకలు తీయకండి, కాయ వచ్చేది వాటి మీదే. నేల నుంచి అడుగు ఎత్తు వరకు ఆకులు తీసేస్తే చినుకుతో పాటు ఎగిరే మట్టి ఆకుకి తగలదు. ఆకుమాడు తెగులు మొదలయ్యేది అక్కడే. గోధుమరంగు మచ్చలో వలయాల మీద వలయాలు కనిపిస్తాయి. అలాంటి ఆకులు కనబడ్డ రోజే తుంచేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి ఒకసారి చల్లండి. చల్లితే మట్టిలోని ట్రైకోడెర్మా మీద కారకుండా చూసుకోవాలి.

టమాటా పువ్వు తన పుప్పొడితోనే ఫలిస్తుంది గానీ, అది రాలాలంటే కుదుపు కావాలి. గోపాల్‌పూర్ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పుప్పొడి అంటుకుపోయి ఉంటుంది. పొద్దున మంచు ఆరాక, తొమ్మిది పదకొండు గంటల మధ్య, పూగుత్తి కాడని వేలితో నాలుగుసార్లు తట్టండి. రోజూ అర నిమిషం పని, పిందెలో తేడా కళ్లకి కనిపిస్తుంది.

నీళ్లు

కుండీ టమాటాలో ఎక్కువ నష్టం ఇక్కడే. కాయ నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున తడిమచ్చ కనిపించి, రెండు రోజుల్లో నల్లగా, తోలులా అణిగిపోతుంది. పురుగనో తెగులనో మందు కొడతారు. అది సున్నపు ధాతువు (కాల్షియం) కాయకి అందకపోవడం. మట్టిలో సున్నం లేకపోవడం వల్ల మాత్రమే ఇలా అవదు. ఆ ధాతువు నీటితో పాటే పైకి వెళ్తుంది. ఆకులు ఎక్కువ నీరు ఆవిరి చేస్తాయి కాబట్టి ముందు వాటా వాటిది. కాయకి చివరి వాటా. మట్టి ఒక్క మధ్యాహ్నం పూర్తిగా ఎండినా కాయ వాటా తెగిపోతుంది. ఆకుల మీద కాల్షియం చల్లితే అది ఆకులోంచి కాయకి ప్రయాణం చేయదు. గుడ్డుపెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. అసలు మందు రోజూ ఒకే వేళకి, ఒకే తీరున నీళ్లు పోయడం. మొదటి గుత్తికి వచ్చినా దిగులుపడకండి. దెబ్బతిన్న కాయలు తీసేసి నీళ్లు సరిచేస్తే తర్వాతి గుత్తులు శుభ్రంగా వస్తాయి.

43 లీటర్ల సంచికి డిసెంబరులో రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, నిండా కాపు మీదున్న ఫిబ్రవరి చివర్లో మూడు నుంచి నాలుగు. ఇవి అందాజులే, మీ వేలే సరైన కొలత. రెండు కణుపుల లోతు వరకు పొడిగా తగిలితే పోయాలి. పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర, నెమ్మదిగా, అడుగు కంతల్లోంచి చుక్క రాలేవరకు. పైన వరిగడ్డి రెండంగుళాలు పరవండి. కాండానికి ఆనకుండా నాలుగు వేళ్లు వదలండి. సముద్రానికి దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడతాయి. రెండు వారాలకొకసారి మంచినీళ్లు పది లీటర్లు ధారగా పోసి ఉప్పు కిందికి కడిగేయాలి.

తోలు పల్చన కాబట్టి నాటు కాయ పగులుతుంది కూడా. ఎండిన మట్టికి ఒక్కసారిగా నీరు దొరికితే లోపలి గుజ్జు ఉబ్బినంత వేగంగా తోలు సాగదు. దీనికీ విరుగుడు పైదే.

ఎరువు గురించి తక్కువే చెప్పాలి. మొదటి గుత్తి పిందె కట్టేవరకు ఏమీ వేయనవసరం లేదు, మట్టిలో ఉన్నది చాలు. యూరియా గానీ పచ్చిపేడ నీళ్లు గానీ పోస్తే ఆకు ఏనుగు చెవుల్లా పెరిగి పూత రాదు. పిందె చూశాక పది పన్నెండు రోజులకొకసారి, జీవామృతం ఒకటికి పది నీళ్లు కలిపి లీటరు, లేదా 13:0:45 (పొటాషియం నైట్రేట్) లీటరుకి 3 గ్రాములు. మధ్యలో కాల్షియం నైట్రేట్ లీటరుకి 2 గ్రాములు మొక్క మొదలు దగ్గర పోయవచ్చు. దాన్ని భాస్వరం, సల్ఫేటు ఎరువులతో ఒకే బక్కెట్టులో కలపకండి, సున్నంలా గడ్డకట్టి రెండూ దండగ.

పురుగుల్లో కాయతొలిచేది, టూటా అనే ఆకుతొలిచే చిన్న పురుగు ముఖ్యమైనవి. టూటా మన దేశంలో 2014లో మహారాష్ట్రలో మొదట కనిపించింది. ఆకు లోపల తెల్లటి వెడల్పు సొరంగాలు చేస్తుంది. ఆ ఆకుల్ని తుంచి కవర్లో మూటకట్టి ఎండలో పడేయాలి, కంపోస్టులో కాదు. పసుపురంగు జిగురు అట్టలు రెండు, పక్కన బంతి మొక్కలు, వారానికోసారి సాయంత్రం 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్లతో. మేడ మీద నాలుగైదు కుండీలకి ఇంతకంటే ఘాటు మందు అవసరం రాదు. పర్లాకిమిడిలో కోతులకి మాత్రం వల తప్ప మందు లేదు.

తుపాను హెచ్చరిక వస్తే కర్రలు తీయకుండా కుండీ మొత్తాన్ని పిట్టగోడ వెంబడి ఒరిగించి పడుకోబెట్టి, బరువు పెట్టండి. వాన వెలిసిన రోజే నిలబెట్టి కంతలు పొడవాలి. నిండా నీళ్లలో రెండు రోజులున్న వేరు ఊపిరాడక చస్తుంది.

కోత, గింజ

నాటు కాయకి తొడిమ చుట్టూ పచ్చటి భుజాలుంటాయి. అది పండకపోవడం కాదు. కాయలన్నీ సమంగా ఎర్రబడాలని ఎంచుకుంటూ పోవడంలో సంకర రకాలు పోగొట్టుకున్న జన్యువు ఆ పచ్చదనాన్ని ఇస్తుందని, చక్కెర తయారీలో దానికి పాత్ర ఉందని 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. నల్ల రకాలైతే భుజాలు పచ్చగా ఉండగానే, అడుగు భాగం మెత్తబడగానే కోయాలి. ఎర్రబడేదాకా ఆగితే కుళ్లుతుంది. మార్చిలో వేడి 30 దాటాక ఎర్రరంగు సరిగ్గా పట్టదు, కాయ నారింజరంగు దగ్గరే ఆగుతుంది. అప్పుడు అడుగున రంగు తిరగగానే కోసి ఇంట్లో నీడన మాగనివ్వండి. చిలకలూ ఉడతలూ అంతదాకా ఆగవు కూడా. తీగ రకం ఒక్క మొక్కకి రెండు మూడు కిలోలు వస్తే మొదటి ఏడాదికి అది మంచి కాపే.

గింజకి రెండో, మూడో గుత్తి కాయ ఉంచండి, రోగం లేని మొక్క మీదది. ఒక్క పెద్ద కాయ కోసం కాకుండా, మొక్క మొత్తం బాగా కాసిందా అని చూసి ఎంచుకోవాలి. కొన్ని పాత రకాల్లో, ముఖ్యంగా బంగాళాదుంప ఆకు లాంటి ఆకున్న వాటిలో, కీలం (పుప్పొడి అందుకునే ఆడభాగం) కొస పువ్వులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. తేనెటీగ పక్క రకం పుప్పొడి తెచ్చి అంటించే వీలుంటుంది. మొగ్గదశలోనే పల్చని గుడ్డసంచి తొడిగి, పిందె పడ్డాక తీసేసి, గుర్తుకి ఎర్రదారం కట్టండి.

బాగా పండిన కాయ కోసి గింజల్ని జిగురుతో సహా గ్లాసులోకి పిండి, రెండు చెంచాల నీళ్లు పోసి నీడన పెట్టండి. రోజుకోసారి కలపాలి. ఫిబ్రవరి వేడికి రెండు రోజుల్లో పైన తెల్లపొర కడుతుంది. గింజ చుట్టూ ఉన్న జిగురే మొలకని ఆపుతుంది, అది పులిసి ఊడిపోవడమే మనకి కావాల్సింది. మూడో రోజు దాటితే గింజలు గ్లాసులోనే మొలకెత్తుతాయి. నీళ్లు పోసి కడిగి, తేలినవి వంపేసి, అడుగున మునిగినవి పింగాణీ పళ్లెం మీద పల్చగా పరవండి. కాగితం మీద వేస్తే అతుక్కుంటాయి. వారం నీడన ఆరాక గింజని గోటితో మడిస్తే వంగకుండా విరగాలి. చిన్న సీసాలో వేసి, రకం పేరు, ఏడాది రాసి, గుడ్డలో మూటకట్టిన వేయించిన బియ్యం ఒక చెంచా పెట్టి బిగించండి. చల్లని పొడి చోట నాలుగైదేళ్లు మొలకశక్తి నిలుస్తుంది.

ఉగాదికి మొక్క తీశాక ఆ మట్టిలో మళ్లీ టమాటా గానీ వంగ, మిరప గానీ మూడేళ్లు వేయకండి. సగం కంపోస్టు కొత్తగా కలిపి తోటకూర, గోంగూర, బెండ వేసుకోండి. వచ్చే దసరాకి టమాటా కోసం వేరే మట్టి ఇప్పుడే, ఈ ఏప్రిల్ ఎండలోనే, పాలిథీన్ కింద పరచాలి.